ఎడమ బేరింగు

మా ఆయనకు యంత్రాలు తెలుసు, రోగాలు తెలియవు. ఈ రెండూ వేరు వేరని ముప్పై ఏడేళ్ల కాపురంలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పిన మాట వింటే ఆయన టిమోతి ఎందుకవుతాడు?

స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన ప్రాణమంతా మూరెడు పొడుగు స్క్రూడ్రైవరులో ఉండేది. దాని మొన తిరుగుతున్న యంత్రానికి ఆనించి, చెక్క పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వినేవాడట. లోపల ఏ బేరింగు అరిగిందో, ఏది రేపో మాపో పోతుందో చెప్పేసేవాడట. నేను చూడలేదు కనక "అట" అంటున్నాను. నేను చూసింది ఆ తరవాత ఇంట్లో సాగిన వైద్యమే. ఫ్రిజ్జు, మిక్సీ, సీలింగు ఫ్యాను, పక్కింటివాళ్ల నీళ్ల మోటారు, అన్నీ వినేవాడు. ఒకసారి నన్ను కూడా వినమని ఆ పిడి నా చెవి దగ్గరకు తెచ్చాడు. ఆ జిడ్డు ముక్క నా చెవికి తగిలితే ఇవాళ ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పాను. వెనక్కి తీసుకున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నా పేరు విమలమ్మ. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు టీచరుగా చేశాను. అబద్ధం చెప్పే పిల్లల్ని కళ్లు చూసి పట్టేస్తానని నాకు పేరు. ఆ పేరు ఎలా పోయిందో కూడా ఇందులోనే ఉంది.

మా అమ్మాయి ప్రసన్నకుమారి, అల్లుడు బెన్సన్, వాళ్ల కూతురు స్టెఫీ, మేమిద్దరం, అందరం జాలరిపేట వెనక వీధిలో ఒకే ఇంట్లో ఉంటాం. బెన్సన్‌కు ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు ఉద్యోగం. స్టెఫీకి తొమ్మిదేళ్లు. అది ఎలాంటి పిల్లంటే, నాలుగేళ్లప్పుడు ముక్కులో చింతపిక్క పెట్టుకుంది. డాక్టరు పట్టకారు పెట్టి లాగుతుంటే, "రొండో ముక్కులో కూడా ఉంది, అది ఉంచీండి," అంది.

ఏడాదిన్నరగా దానికి దగ్గు. మందు వేస్తే తగ్గేది, మానేస్తే వచ్చేది. రెండుసార్లు జ్వరం వచ్చి నెమ్ము చేసిందన్నారు. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈల. సీతమ్మధారలో మేం చూపించుకునే డాక్టరు ఆస్తమా అని పీల్చే మందు రాశాడు. ఆయన్ని తప్పు పట్టను. పిల్లికూతలు ఊళ్లో ఎంతమంది పిల్లలకు లేవు? ఆయన గది బయట ఎప్పుడు చూసినా నలభై మంది. స్టెఫీ ఆ పిల్లికి రోజీ అని పేరు కూడా పెట్టేసింది. హోంవర్కు తీయమంటే రోజీ నీరసంగా ఉందని ముసుగు తన్నేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా ఆయన ఫ్రిజ్జు వింటున్నాడు.

"తాతా, నన్ను కూడా సెక్ చెయ్యి," అంది స్టెఫీ.

ఆయన నా బల్ల మీద ఉన్న చెరిపే రబ్బరు తీసుకుని, మొనకు గుచ్చి, పిల్లను కూర్చోబెట్టి విన్నాడు. కుడివైపు విన్నాడు. ఎడమవైపు విన్నాడు. మళ్లీ కుడివైపు విన్నాడు.

"ఎడమ బేరింగు పోయిందే గుంటా నీకు," అన్నాడు.

పిల్ల పడీ పడీ నవ్వింది. "అబద్దం! సూసి సెప్తన్నావ్. కళ్లకి గంతలు కట్టుకుని సెప్పు సూద్దాం."

అలా మొదలైంది పందెం. ఆయన కళ్లకు తువ్వాలు కట్టేది. ఏ వైపు పెట్టాలో స్టెఫీ వేలితో చూపిస్తే, బెన్సన్ స్క్రూడ్రైవరు మొన అటు ఆనించేవాడు. ఏ వైపో ఆయన చెప్పాలి. మొత్తం పదిసార్లు. పదీ సరిగ్గా చెబితే స్టెఫీ వంజరం చేప ముక్క ఆయనది, ఒక్కటి తప్పినా ఆయన ముక్క స్టెఫీది. ఆదివారం హార్బర్ నుంచి బెన్సన్ తెచ్చే వంజరం మా ఇంట్లో మామూలు విషయం కాదు. నడిమి ముక్కల కోసం పెద్దా చిన్నా తేడా లేకుండా కొట్టుకుంటారు.

మొదటిసారి ఛాతీ మీద ఆడారు. గుండె ఎడమవైపు కొట్టుకుంటుంది, దాన్ని పట్టుకుని ఎవరైనా చెబుతారు, ఇది మోసం అని నేను తీర్పు చెప్పాను. అప్పుడు వీపు మీద, భుజాల దగ్గరకు మార్చారు. అయినా ఆయన తప్పలేదు. స్టెఫీ ఊరుకునే రకమా? మధ్యలో బెన్సన్‌కు సైగ చేసి మొన ఇంకెక్కడో పెట్టించేది.

"ఇది ఫ్రిజ్జు," అనేవాడు ఆయన గంతల కిందనుంచి. "ఇది మీ నాన్న పొట్ట. నిన్న రేత్రి బొబ్బట్లు తిన్నాడు."

తొమ్మిది ఆదివారాలు వరసగా ఆయనే గెలిచాడు. పసిపిల్ల నోటి దగ్గర ముక్క తింటున్నారు, సిగ్గు లేదా అని నేను తిడుతూనే ఉన్నాను. తొమ్మిదో ఆదివారం ఆయన గెలిచి కూడా ముక్క ముట్టుకోలేదు.

"ఏటండీ, తినరేటి?" అన్నాను.

"ఒక్కసారైనా ఓడిపోవాలి కదే," అన్నాడు. పిల్ల వినకుండా గొంతు తగ్గించాడు. "ఆస్తమా అయితే రొండు పక్కలా కుయ్యాలి. ఇది ఎప్పుడు సూసినా ఎడమ పక్కే. కుడి పక్క కొత్త మోటారు. మొదట్లో ఊపిరి ఒదిలినప్పుడే ఉండీది, ఇప్పుడు పీల్చినప్పుడు కూడా ఉంటంది. గొట్టంలో ఏదో అడ్డం ఉంది విమలా. అది పెరుగుతంది."

"డాక్టరు కంటే మీ స్క్రూడ్రైవరు ఎక్కువ సదివిందేటి?" అన్నాను.

అని ఊరుకోలేదు. మర్నాడు దాన్ని తీసి బియ్యం డబ్బా వెనక దాచేశాను. పిల్లకు లేనిపోని భయాలు పెడుతున్నాడని నా కోపం. రెండు వారాలు ఆయన ఇల్లంతా వెతికాడు. నేను కూడా ఆయనతోపాటు వంగి మంచాల కింద వెతికాను. అప్పుడు అది నాకు చాలా సరదాగా ఉండింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు వారాలు నన్ను తింటాయి.

మూడో వారం స్టెఫీ స్కూలు నుంచి వచ్చి నా ముందు రుమాలు విప్పింది. దాని మీద ఎర్రటి చార.

"దగ్గితే వచ్చినాది అమ్మమ్మా. రోజీ లోపల గీరీసింది," అంది నవ్వుతూ.

నేను లేచి వెళ్లి, బియ్యం డబ్బా వెనకనుంచి స్క్రూడ్రైవరు తీసి మా ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడ దొరికిందని ఆయన అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే సీతమ్మధార డాక్టరు రుమాలు చూసి, వెంటనే చీటీ రాసి, పిల్లల ఛాతీ ఆపరేషన్లు చేసే డాక్టరు గౌరీశ్వరి దగ్గరకు పొమ్మన్నాడు. పొద్దున్నే అందరం కట్టకట్టుకుని ఆ ఆసుపత్రికి వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ తవిటయ్య నా బైబిలు సంచిలో చెయ్యి పెట్టి మూరెడు స్క్రూడ్రైవరు బయటకు లాగాడు. మా ఆయన ఎప్పుడు పెట్టాడో దేవుడికే తెలియాలి.

"ఏటమ్మా ఇది?" అన్నాడు తవిటయ్య.

"మా ఆయన స్టెతస్కోపు," అన్నాను.

నవ్వి వదిలేస్తాడనుకున్నాను. నవ్వలేదు. అది చేత్తో పట్టుకుని డాక్టరమ్మ గదిదాకా మా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

గౌరీశ్వరిది శ్రీకాకుళం వైపు పల్లె, రైతు కుటుంబం. పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. అటు, ఇటు, మళ్లీ అటు.

"ఎడమ పక్కే కూత్తందని ముందు ఎవరు కనిపెట్టేరు?" అంది.

తవిటయ్య స్క్రూడ్రైవరు పైకెత్తి చూపించాడు.

ఆమె దాని రబ్బరు మొన చూసింది, మా ఆయన ముఖం చూసింది. "మా నాన్న బోరు మోటారుకి ఇలాగే కర్ర ఆనించి ఇనీవోడు," అంది. ఆ మాటతో మా ఆయన కుర్చీలో రెండంగుళాలు పెరిగాడు.

రెండు ఎక్స్‌రేలు తీయించింది. ఒకటి ఊపిరి నిండా పీల్చి, ఒకటి మొత్తం వదిలేసి. కుడి ఊపిరితిత్తి నిండుతోంది, ఖాళీ అవుతోంది. ఎడమది వదిలినప్పుడు కూడా ఉబ్బే ఉంది.

"లోపలికి ఎల్లిన గాలి బయటికి రాడం లేదు," అంది డాక్టరమ్మ. "గొట్టంలో అడ్డం ఉంది. మింగబోయినదేదైనా అందులోకి జారి ఉండాలి. లేపోతే గడ్డ ఉండాలి."

గడ్డ అనేసరికి మా ప్రసన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ స్టెఫీ వైపు తిరిగింది. "ఏటమ్మా, ఏదైనా నోట్లో ఎట్టుకుని ఆడేవేటి?"

స్టెఫీ వాళ్లమ్మను చూసింది. నన్ను చూసింది. పైన ఫ్యాను చూసింది.

"సింతపిక్క," అంది.

గదిలో అందరం ఒక్కసారి ఊపిరి వదిలాం.

"పక్కింటి సన్నీగాడితో పిక్కలాట ఆడినప్పుడు, ఓడిపోతానని పిక్క నోట్లో దాసీసేను," అంది. "నవ్వొచ్చి లోపలికి ఎల్లిపోనాది. తిడతారని సెప్పలేదు."

ప్రసన్న ఏడుస్తూ నవ్వింది. "ముక్కు సాల్లేదేటే నీకు!" అని వీపు మీద ఒకటి వేయబోయి, ఆ వీపేనని గుర్తొచ్చి ఆగింది. నేను పిల్ల కళ్లలోకి చూశాను. నిజమే చెబుతోందని తీర్పు ఇచ్చాను. ముప్పై ఏళ్ల అనుభవం మరి. బెన్సన్ ఐస్‌క్రీము కొంటానన్నాడు. నేను అక్కడే కళ్లు మూసుకుని చింతపిక్కల కోసం దేవునికి స్తోత్రం చెప్పాను. మా ఆయన ఒక్కడే నవ్వలేదు.

"పిక్క ఎదగదు కదే," అన్నాడు నా చెవిలో.

మర్నాడు మత్తు ఇచ్చి, సన్నటి కెమెరా గొట్టం గొంతులోంచి దించి చూశారు. గౌరీశ్వరి బయటకు వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"పిక్క లేదమ్మా," అంది. "ఎడమ గొట్టంలో ఎర్రగా, నున్నగా, రేగుపండంత గడ్డ ఉంది. లాగితే నెత్తురు ఆగదు. పరీక్షకి చిన్న ముక్క మాత్రం తీసేను."

స్కానింగు అయింది. వారానికి గడ్డ పేరు తెలిసింది, కార్సినాయిడ్ అని. పిల్లల్లో చాలా అరుదట, తన సర్వీసులో ఇది మూడోదని డాక్టరమ్మ చెప్పింది. క్యాన్సరు జాతిదే గానీ నెమ్మదిగా పెరిగే రకమనీ, మొత్తం తీసేస్తే చాలామందికి అంతటితో సరిపోతుందనీ, ఆ తరవాత ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలనీ చెప్పింది. చిక్కల్లా అది కూర్చున్న చోటు. పెద్ద గొట్టంలో, మొదట్లోనే ఉంది.

"రొండు పద్ధతులు ఉన్నాయి," అంది. "గడ్డ ఉన్న గొట్టం ముక్క వరకే కోసి, మిగిలిన రొండు కొసలూ కలిపి కుట్టీడం ఒకటి. అప్పుడు ఊపిరితిత్తి దక్కుతాది. కోసిన అంచుల్లో గడ్డ ఆనవాలు ఉందని లేబొరేటరీ వాళ్లు అంటే మాత్రం, ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసీవలసిందే. లోపలికి ఎల్తే గానీ సెప్పలేను."

తొమ్మిదేళ్ల పిల్ల. రోజంతా మెట్లెక్కి దిగే పిల్ల. ఒక్క ఊపిరితిత్తితో.

మర్నాడు మా ఆయన ఒక ప్లాస్టిక్ పైపు ముక్క మధ్యకు కోసి పట్టుకెళ్లాడు. తవిటయ్య సంచి తెరిచి చూసి, ఈసారి ఏమీ అనకుండా పంపించాడట. డాక్టరమ్మ బల్ల మీద ఆ ముక్కలు పెట్టి, జాయింటు ఎలా వెయ్యాలో మా ఆయన పావుగంట చెప్పాడు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ మీద కేలండరు చదివాను.

"టిమోతిగారూ, ఇది పైపు కాదు," అంది గౌరీశ్వరి ఓపిగ్గా. "పిల్లతోపాటు ఎదగాలి. అందుకే కరిగిపోయే దారంతో కుడతాం."

"లీకు టెస్టు సేత్తారేటమ్మా?"

"సేత్తాం. కుట్టు మీద నీళ్లు పోసి, లోపలికి గాలి ఊది, బుడగలు వస్తన్నాయా అని సూత్తాం."

"సైకిల్ ట్యూబుకి లాగ!"

"అచ్చం అలాగే."

ఆయన పైపు ముక్కలు సంచిలో వేసుకున్నాడు. "పని తెలిసిన మనిషే," అన్నాడు నాతో, తన సర్టిఫికెట్ దొరకకే డాక్టరమ్మ ఇన్నాళ్లూ ఆపరేషన్ ఆపినట్టు.

ఆపరేషన్ రోజు పొద్దున్న స్టెఫీకి రెండు జడలు వేస్తూ అడిగాను. "పిక్క అని ఎందుకు అబద్ధమాడేవే?"

"గడ్డ అనగానే అమ్మ ఏడుపు మొకం ఎట్టీసింది," అంది. "పిక్క అంటే నవ్వింది కదా."

నా చేతులు ఆగిపోయాయి.

"నువ్వు కూడా నమ్మీసేవు," అంది అద్దంలో నన్ను చూస్తూ. పరీక్షలో ఫస్టు వచ్చినంత సంబరం దాని ముఖంలో. ఏడుపు ఆగక దాని జడలోనే ముఖం దాచుకున్నాను. దాన్ని చూసి గర్వం, నన్ను చూసుకుంటే సిగ్గు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"జడ గట్టిగా లాగకు అమ్మమ్మా," అంది అది.

అయిదు గంటలు పట్టింది. బెన్సన్ వరండా కొలిచాడు. తవిటయ్య రెండుసార్లు టీ తెచ్చాడు. గౌరీశ్వరి బయటకు వచ్చి తిన్నగా మా ఆయన దగ్గరకే వెళ్లింది.

"అంచులు రొండూ శుభ్రంగా ఉన్నాయి. ఊపిరితిత్తి ఉంచీసేం," అంది. "బుడగలు రాలేదు."

"బుడగలు రాలేదంట," అన్నాడు మా ఆయన నాతో. ప్రసన్నతో అన్నాడు. బెన్సన్‌తో అన్నాడు. వరండాలో కాలికి కట్టు కట్టించుకుని కూర్చున్న ముసలాయనతో కూడా అన్నాడు. ఆయనకేం అర్థమైందో గానీ, సంతోషం బాబూ అన్నాడు.

కానీ డాక్టరమ్మ మమ్మల్ని ఇంటికి పంపించేటప్పుడు ఇంకో మాట చెప్పింది. కుట్టిన చోట మానేటప్పుడు ఒక్కోసారి గొట్టం బిగుసుకుపోతుందట. అలా అయితే ఈల మళ్లీ వస్తుంది. ఆరు వారాలయ్యాక కెమెరా పెట్టి చూస్తానంది. తవిటయ్య అన్నాళ్లూ తన దగ్గరే ఉంచుకున్న స్క్రూడ్రైవరు తిరిగిచ్చి రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు.

ఆరు వారాలు మా ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఫ్రిజ్జు కూడా వినలేదు. అంతకుముందు దాచింది నేను, ఈసారి తనే బీరువా మీద పెట్టేశాడు. ఎందుకని అడిగితే, "నాకు భయంగా ఉంది విమలా," అన్నాడు. ముప్పై ఏడేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు.

ఆరో ఆదివారం బెన్సన్ వంజరం తెచ్చాడు. ముక్కలు వేగుతుంటే స్టెఫీ కుర్చీ ఎక్కి బీరువా మీదనుంచి స్క్రూడ్రైవరు దించింది.

"మొన్ననే డాట్రమ్మని అడిగీసేను. గట్టిగా నొక్కకుండా ఆడుకోమంది. రా తాతా."

తప్పలేదు. గంతలు కట్టింది. బెన్సన్ మొన ఆనించాడు. ఆయన విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఎడమ," అన్నాడు.

"తప్పు!" అని అరిచింది స్టెఫీ.

రెండోసారి కుడి అన్నాడు. అది కూడా తప్పు. మూడోసారి స్టెఫీ సైగ చేసింది, బెన్సన్ అడుగు పక్కకు వేసి మొన జరిపాడు.

"ఇది ఫ్రిజ్జు," అన్నాడు వెంటనే.

చెవి బాగానే ఉందన్నమాట. నాలుగోది సరిగ్గా చెప్పాడు, అయిదోది తప్పు, ఆరోది తప్పు. ఆయన గంతలు తడిసిపోతున్నాయి. స్టెఫీకి అనుమానం వచ్చింది. మోసగాళ్లకే కదా ముందు అనుమానం వచ్చేది.

"నువ్వు కావాలని ఓడిపోతన్నావ్ తాతా. అమ్మమ్మా, నువ్వు ఇను. నువ్వు అబద్దాలు పట్టీగలవు కదా!"

నన్ను వెక్కిరించడానికే అంది. పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. ఆ జిడ్డు పిడి చెవి వెనక ఎముకకు నొక్కుకున్నాను. కళ్లు మూసుకున్నాను. లోపల గాలి వెళ్తోంది, వస్తోంది. బెన్సన్ మొన జరిపాడు. వెళ్తోంది, వస్తోంది. ఈల లేదు. మెత్తగా గాలి, అంతే.

"ఏ పక్క అమ్మమ్మా?"

"మళ్లీ పెట్టు," అన్నాను.

పదిసార్లు పెట్టించుకున్నాను. మంగళవారం డాక్టరమ్మ కెమెరా పెట్టి చూసి, గొట్టం బాగా తెరుచుకుని ఉందని చెప్పింది గానీ, మాకు ఆ సంగతి ఆదివారమే తెలుసు. కుడి ఏదో ఎడమ ఏదో పదిసార్లలో ఒక్కసారి కూడా నాకు తెలియలేదు.

భోజనాల దగ్గర మా ఆయన తన వంజరం ముక్క తీసి స్టెఫీ పళ్లెంలో వేశాడు. నేను కూడా ఓడిపోయాను కనక నాది కూడా వేశాను.